చుక్కాని ఎవరికి, పిల్ల ఎవరికి

నా పేరు యిక్కే. వాల్ నది మీద అందరికీ యిక్కే పిన్నిని. కిరాణా పడవ నడిపి నడిపి జుట్టు నెరిసినదాన్ని. నడుస్తున్న సరుకు పడవ పక్కకి నా చిన్న పడవని తెచ్చి, తాడేసి కట్టుకుని, బంగాళాదుంపలూ కాఫీపొడీ సబ్బులూ అమ్మి, వాళ్ళ కష్టసుఖాలు విని, మళ్ళీ తాడు విప్పుకుని ఇంకో పడవ దగ్గరికి పోయేదాన్ని. ఏ సరంగు ఎంత తాగుతాడో, ఏ ఇల్లాలు ఎందుకు అలిగిందో నాకు తెలియనిది లేదు. అంచేత నేను మనుషుల్ని చూసి ఊరికే నోరెళ్ళబెట్టే రకాన్ని కాను. నోరెళ్ళబెట్టింది ఒక్క ఫెన్నాని చూసే.

మొదటిసారి ఎప్పుడంటే, ఒక వరద రోజున. నైమెహెన్ ఊరి దగ్గర వాల్ ఒక్కసారిగా మెలి తిరుగుతుంది. వంతెన కాళ్ళు కూడా సరిగ్గా అక్కడే ఉంటాయి. ఏటివాలుకి వచ్చే పడవని నీళ్ళు వెనక నుంచి నెడుతూ ఉంటాయి కదా, వేగం తగ్గిస్తే చుక్కాని మాట వినదు, తగ్గించకపోతే వంతెన కాలు ఎదురొస్తుంది. గొప్పలు చెప్పుకునే మగ సరంగులు కూడా అక్కడికొచ్చేసరికి నోరు మూసుకుని పళ్ళు బిగిస్తారు. ఆ రోజు నేను ఫెన్నా పడవ మీద కబుర్లలో పడి నా తాడు విప్పుకోవడం మర్చిపోయాను. చూసేసరికి వంపులో ఉన్నాం. కడుపు నిండా కంకర వేసుకున్న పొడుగు పడవ, పక్కన తోకలా నా పడవ.

ఫెన్నా చుక్కాని చక్రం పట్టుకుని నిలబడింది. కాళ్ళ దగ్గర కూతురు తీనెకె కూచుని బూట్లు తొడుక్కుంటోంది. "ఏది కుడి బూటు? వంతెన ఏ పక్కనుందో ఆ పక్కది. ఇప్పుడు ఏ పక్కనుంది?" అని అడుగుతూ, ఆ పిల్ల తప్పు చెబితే నవ్వుతూ, ఆ పడవని ఆ వంతెన కాళ్ళ మధ్యనించి అవతలికి జార్చేసింది. నేను సరుకుల బుట్టని రెండు చేతులా కావలించుకుని ఉన్నాను. దాటాక నావైపు తిరిగి, "పిన్నీ, ఆవాలు తెచ్చావా?" అంది.

ఆవాలు! నేనింకా బుట్ట వదల్లేదు, దానికి ఆవాలు కావాలట.

ఫెన్నా పడవ మీదే పుట్టింది. ఫోల్‌హార్డింగ్ అని ఆ పడవ పేరు, పట్టుదల అని అర్థం. వాళ్ళ నాన్న సీబ్రాండ్‌ది. ఆయన మగపిల్లలు లేరని ఏడవకుండా కూతురికే ఏరు నేర్పి, పరీక్ష రాయించి, రైన్ మీద పడవ నడిపే పట్టా ఇప్పించి మరీ పోయాడు. మా ఆడవాళ్ళలో చాలామంది మొగుడు భోంచేస్తున్నంతసేపూ చుక్కాని పట్టుకునేవాళ్ళే, పట్టా మాత్రం ఎవరు తెచ్చుకున్నారు? పెళ్ళి చేసుకుందా, టీల్ ఊళ్ళో రొట్టెల కొట్టు వాళ్ళబ్బాయి బెరెండ్‌ని. గట్టు మీది మనిషి. పడవ ఎక్కిన కొత్తలో మెట్లు దిగుతూ రోజూ తలకి బొప్పి కట్టించుకునేవాడు. కానీ మంచివాడు, ఓపిక ఎక్కువ, చేతిలో పిండి పడితే చాలు, దాన్ని ఏదో ఒక తినే వస్తువుగా చేసి తీరేవాడు.

పడవ సంసారం ఎలా ఉంటుందంటే, ఇల్లూ వ్యాపారమూ ఒకే ఇనప పెట్టెలో ఉంటాయి. ఉన్నది మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. సరుకు వెతుక్కోవాలి, ఇంజన్ చూసుకోవాలి, చుక్కాని పట్టాలి, లాకుల దగ్గర తాళ్ళు వెయ్యాలి, తుప్పు గీకి రంగు వెయ్యాలి, పద్దులు రాయాలి, వండాలి, ఉతకాలి, పిల్లని కనిపెట్టుకోవాలి. మా ఆడవాళ్ళకి ఇందులో ఏ ఒక్కటి బయటి మనిషికిచ్చినా తలవంపులు. కిటికీల చుట్టూ ఇత్తడి తోమి తోమి మెరిపించడం మరీ పెద్ద పరువు. పడవ పడవని దాటుతున్నప్పుడు ముందు చూసుకునేది ఒకళ్ళ ఇత్తడి ఒకళ్ళు.

ఫెన్నా ఏం చేసిందో తెలుసా? ఇత్తడికి రంగేసింది. ముదురు పచ్చ రంగు! "తోమే పని లేదింక పిన్నీ" అంది. ఆ ఏడంతా ఏటి మీద అదే కథ. కొంతమంది దాని తల్లి పైనించి చూసి ఏడుస్తుందన్నారు.

ఫెన్నాకి ఒక లెక్కుండేది. ఏ పనైనా సరే ముందు ఒకటే అడిగేది. "ఇది ఇంకొకళ్ళు పాడుచేస్తే, రేపు మనం బయల్దేరగలమా?" బయల్దేరగలం అంటే ఆ పని ఇచ్చెయ్యడమే. బట్టలు డోర్డ్‌రెక్ట్ రేవులో లాండ్రీకి పోయాయి. చొక్కా పాడైతే పడవ ఆగదుగా. రంగులు యార్డు వాళ్ళకి పోయాయి. సరుకు వెతికే పని రోటర్‌డామ్‌లో ఒక ఏజెంటుకి పోయింది. వంటలో సగం నాకే వచ్చింది. నేను వారానికోసారి కుండెడు పచ్చి బఠాణీ సూపు కాచి తెచ్చేదాన్ని. నా చేతి సూపు ఆ పడవ మీద తిన్నంతగా మా ఇంట్లో కూడా తినలేదు ఎవరూ.

ఇవ్వనివి కూడా ఉన్నాయి. చుక్కాని, ఇంజన్, లాకుల దగ్గర తాళ్ళు. ఇంకా తీనెకె నడుం తాడు.

ఆ తాడు గురించి చెప్పాలి. పడవ పొడుగునా ఒక తీగె లాగి ఉంటుంది. పిల్ల నడక నేర్చిన దగ్గర్నుంచీ నడుముకి పట్టీ, పట్టీకి తాడు, తాడు చివర కొక్కెం. క్యాబిన్ గుమ్మం దాటే ముందు ఆ కొక్కెం తీగెకి తగలాల్సిందే. "తగిలించుకో!" అన్న మాట మా పడవ పిల్లలు అమ్మా అన్న మాట కన్నా ముందు వింటారు. కొక్కెం విప్పుకుని డెక్కు మీదికి వచ్చిన పిల్లకి వీపు చీరేస్తారు. ఎందుకు చీరెయ్యరు, కంకర పడవకి అంచు మోకాలెత్తు కూడా ఉండదు, అవతల వాల్ ఉంటుంది. తీనెకె కొక్కెం ఫెన్నాయే చూసేది. బెరెండ్ తగిలించినా సరే మళ్ళీ వచ్చి ఒకసారి లాగి చూసి వెళ్ళేది.

అలా ఉండగా తీనెకెకి ఏడో ఏడు వచ్చింది.

ఏడో ఏడు వస్తే పడవ పిల్లలు గట్టు మీద హాస్టల్‌కి పోవాలి. అది మా వాళ్ళ ఆచారం. సోమవారం పొద్దున్న దింపడం, శనివారం పడవ ఎక్కడుంటే అక్కడికి తెచ్చుకోవడం. అందరూ అలాగే చేశారు. "మేమందరం వెళ్ళలా? చచ్చిపోయామా?" అని అందరూ అనేమాట. అదీ ఒక పని బయటికిచ్చినట్టే కదా అని మాలో ఎవరికీ తోచలేదు. ఇత్తడికి రంగేసినందుకు ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళమే, పిల్లని పంపేటప్పుడు మటుకు పెట్టె సర్దడంలో సాయం చేసేవాళ్ళం.

ఫెన్నా కూడా సర్దింది. ఆ రోజు నేను కాఫీపొడి ఇవ్వడానికి వెళ్తే చిన్న చిన్న మేజోళ్ళు మడతపెడుతూ అంది, "నేను హాస్టల్ నుంచి శనివారం వస్తే మా అమ్మ నాకు పూల కప్పు తీసేది పిన్నీ. పాస్టర్ గారొస్తే తీసే కప్పు. నాన్నకి చెవి విరిగిన కప్పు, తనకీ చెవి విరిగిన కప్పే. నాకు మాత్రం పూల కప్పు."

"ప్రేమే తల్లీ అది" అన్నాను.

"ప్రేమే. కానీ నేను చుట్టాన్నైపోయాను" అంది. మేజోళ్ళు పెట్టెలో పెట్టి మూత వేసింది.

హాస్టల్ వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మంచి తిండి, శుభ్రమైన పక్కలు, ప్రార్థన, పాఠం. కొన్ని వారాలు గడిచాయి. ఒక శనివారం నేను ఫోల్‌హార్డింగ్ మీద ఉండగా బెరెండ్ పిల్లని తీసుకొచ్చాడు. హాస్టల్ ఆయమ్మ చెప్పిందంటూ ఒక కబురు కూడా తెచ్చాడు.

ఆటకి గంట కొడితే పిల్లలందరూ బిలబిలమని బయటికి పరిగెత్తారట. తీనెకె మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయిందట. స్కిప్పింగ్ తాడు నడుముకి చుట్టుకుని, రెండో చివర చేత్తో పట్టుకుని, వచ్చేపోయే వాళ్ళ వైపు చాచి నిలబడిందట, ఎవరైనా తగిలిస్తారేమోనని. మొదటి రోజు నుంచీ అంతేనట. వాళ్ళకి అర్థమయ్యేసరికి ఇన్నాళ్ళు పట్టింది. ఆయమ్మ నవ్వుతూ చెప్పిందట. బెరెండ్ కూడా నవ్వుతూ చెప్పబోయాడు గానీ సగంలో ఆపేసి పిల్ల పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఫెన్నాకి అసలు రాలేదు. అప్పుడు తీనెకె క్యాబిన్‌లోకి దిగి బల్ల దగ్గర కుర్చీ చివర కూచుని, అల్మారాలోని బిస్కెట్ల డబ్బా వైపు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది, "అమ్మా, ఒక బిస్కెట్ తీసుకోవచ్చా?"

ఎంత మర్యాదగా అడిగిందో! ఎవరింట్లోనైనా మెచ్చుకునేవాళ్ళు. ఫెన్నా డబ్బా తీసి పిల్ల ముందు పెట్టి, గబగబా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను.

"విన్నావా పిన్నీ? దాని ఇంట్లో అది బిస్కెట్ అడిగి తీసుకుంది."

"వింటూనే ఉన్నాను."

"తప్పుడు పని ఇచ్చేశాను బయటికి. ఇది వెనక్కి తెచ్చుకోవాలి. దీనికి బదులు ఇంకేదో ఇచ్చెయ్యాలి."

ఇంకేదో అంటే ఏముంది ఇవ్వడానికి? ఏం మిగిలిందనీ? అందరికీ తెలిసిన దారి ఒకటే. ఒక కళాసీని పెట్టుకుని, ఫెన్నా గట్టు మీద అద్దె ఇల్లు తీసుకుని పిల్లతో ఉండాలి. బెరెండ్ పడవ నడపాలి. నేనూ అదే చెప్పాను. మా ఏటి మీద పెద్దనోరు సరంగు హార్మెన్ ఉన్నాడు, వాడి దగ్గర ఎవరూ అడక్కపోయినా సలహా ఉంటుంది, వాడూ అదే చెప్పాడు. "తప్పదమ్మా ఫెన్నా, ఏదో ఒక రోజు ఆడది దిగాల్సిందే" అన్నాడు. ఫెన్నా తలూపింది. ఒడ్డున ఓఖ్టెన్ అనే ఊళ్ళో ఏటిగట్టు మీద ఒక చిన్న ఇల్లు చూసింది. కళాసీ కోసం మాట్లాడింది. కొన్ని రోజులు చుక్కాని దగ్గర నిలబడ్డప్పుడల్లా చక్రాన్ని ఊరికే తడుముతూ ఉండేది.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. నైమెహెన్ వంపు దగ్గర వరద రోజు బెరెండ్ చుక్కాని పట్టుకుంటాడా? అన్నేళ్ళలో అక్కడ ఒక్కసారీ పట్టుకోలేదు. వంపు కనబడగానే పక్కకి తప్పుకునేవాడు, ఫెన్నా వచ్చి నిలబడేది, ఇద్దరూ ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాళ్ళు కాదు.

ఎత్తింది బెరెండే. క్యాబిన్‌లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూచున్నాడు. నేను బల్ల మీద సరుకులు పెడుతున్నాను. తల ఎత్తకుండా అన్నాడు, "ఫెన్నా, దిగేది ఎవరన్నది మనం తప్పుగా చూస్తున్నామేమో."

"అంటే?"

"నేను దిగుతాను. పిల్లతో నేనుంటాను. నువ్వు పడవ నడుపు. కళాసీ నీకుంటాడు."

ఫెన్నా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. "నీకేమైనా పిచ్చా? వాల్ అంతా నవ్వుతుంది."

"నవ్వనీ. రొట్టెల కొట్టు వాడి కొడుకు పడవెక్కాడని పెళ్ళినాడే నవ్వారు. నాకు అలవాటే."

"పడవ నుంచి మొగుడు దిగిపోవడం ఎక్కడైనా ఉందా? పిన్నీ, నువ్వు చెప్పు, ఎక్కడైనా చూశావా?"

"చూళ్ళేదు" అన్నాను. నిజంగానే చూళ్ళేదు. నా జన్మలో అలాంటి ఆలోచన నా బుర్రలోకి రాలేదు, మా వాళ్ళెవరి బుర్రలోకీ రాలేదు. ఎవరు దిగాలా అని అందరం తెగ ఆలోచిస్తూ, ఒకే మనిషిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాం.

బెరెండ్ ఇంకో దుంప తీసుకున్నాడు. "నేను వరదలో ఈ పడవని వంపు తిప్పలేను. నీకు తెలుసు, నాకు తెలుసు. పిల్లకి జడ వెయ్యగలను. జ్వరమొస్తే పక్కన కూచోగలను. ఒడ్డునుంటే ఫోన్ ఉంటుంది, సరుకు నేనే వెతుకుతాను, ఆ ఏజెంటుని మానిపించెయ్. నీ లెక్కే వేసి చూడు. పిల్లని పెంచే పని నేను పాడుచేస్తానా?"

"చెయ్యవు" అంది ఫెన్నా. ఆ మాటకి గరిట బల్ల మీద పెట్టేసి కూచుండిపోయింది. "నాకన్నా బాగా చేస్తావు. అదే నా ఏడుపు. మరి నేనింక తల్లినెలా అవుతాను బెరెండ్? నా పిల్లకి నేనెవర్ని?"

ఫెన్నా ఏడవడం నేనప్పుడే చూశాను. వరదకి భయపడని మనిషి, ఎప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఇల్లు గట్టు మీదే ఉంది కదా" అన్నాడు బెరెండ్. "నువ్వు ఎగువకి డూయిస్‌బర్గ్ వెళ్ళినా దాని ముందునించే వెళ్ళాలి, దిగువకి రోటర్‌డామ్ వెళ్ళినా దాని ముందునించే. హాస్టల్ కిటికీలోంచి ఏరు కూడా కనబడదు దానికి."

అలా నిశ్చయమైంది. ఇంక హార్మెన్ నోటికి పండగే. టీల్ లాకుల దగ్గర పడవలన్నీ వరసగా ఆగి ఉండగా, అందరికీ వినబడేలా అరిచాడు, "యిక్కే పిన్నీ, బెరెండ్ నడుం కొలతెంతో కనుక్కో, మా ఆవిడ ఎప్రన్ కుట్టిస్తుందట!"

"నీ నోటికో మూత కూడా కుట్టమను, గుడ్డ నేనిస్తాను" అన్నాను. నవ్వారు గానీ, నవ్వు ఎక్కువ వాడి పక్షానే ఉంది.

ఫెన్నా వౌటర్ అనే పెద్దాయన్ని కళాసీగా పెట్టుకుంది. సొంత పడవ అమ్ముకుని గట్టు మీద ఊపిరాడక తిరుగుతున్న మనిషి. తాళ్ళు వెయ్యడంలో ఘటికుడు, మాట మటుకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బెరెండ్ తీనెకెని తీసుకుని ఓఖ్టెన్‌లో దిగిపోయాడు. పిల్లని ఊళ్ళో బడిలో వేశాడు. పొద్దున్నే లేచి రొట్టె కాల్చి, జడ వేసి, బడికి దింపి, ఫోన్ దగ్గర కూచుని సరుకు మాట్లాడేవాడు. ఏజెంటు ఇప్పించేవాటికన్నా మంచి సరుకులు ఇప్పించేవాడు కూడా, మనిషి మాట తీరు అలాంటిది.

కానీ తీనెకె కొక్కెం మానలేదు. గట్టు మీద నడవాలంటే నడుముకి తాడు కావాల్సిందే. బెరెండ్ బలవంతం చెయ్యలేదు. రెండో చివర తన బెల్టుకి తగిలించుకుని, బడికి వెళ్తున్నా, పాలకి వెళ్తున్నా, అలాగే నడిచేవాడు. ఊరివాళ్ళు కుక్కపిల్లని తిప్పుతున్నాడన్నారు. ఆ మాట ఫెన్నా చెవిన పడింది. "నావల్లే పిన్నీ. దాన్ని కాపాడాలని ఆ తాడుని దాని ఒంట్లోకి ఎక్కించేశాను" అంది. ఫెన్నాకి అన్నిటికన్నా అదే బాధ. పడవ తనే ఉంచుకుంది, పిల్ల మాత్రం గట్టు మీద కూడా కట్టుబడే ఉంది. తప్పు చేశానా అని నన్ను అడిగేది. నేను సబ్బుల ధర చెప్పేదాన్ని.

చలికాలం పోయి వరద వచ్చింది. ఆ ఏడు నీళ్ళు గట్టు పాదాల దాకా ఎక్కాయి. అటు చివర నుంచి ఇటు చివర దాకా గోధుమరంగు నీళ్ళు, చెట్ల తలలు మాత్రమే పైన. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నా సరే, వాల్ అలా నిండినప్పుడు నాకు దేవుడి ఎదురుగా నిలబడ్డట్టుంటుంది. ఆ నీళ్ళలో ఏటికి ఎదురు వెళ్తోంది ఫోల్‌హార్డింగ్, నిండా ఇనప ఖనిజం. ఫెన్నా చుక్కాని దగ్గర, వౌటర్ ముందు మొన దగ్గర. నేను సూపు కుండ దించి, చుక్కాని గదిలో చేతులు వెచ్చజేసుకుంటున్నాను. మా వెనక ఇంకా చాలా పడవలు ఎగువకే వస్తున్నాయి. సరిగ్గా మా వెనకది హార్మెన్‌ది.

ఓఖ్టెన్ కనబడింది. గట్టు మీద ఇద్దరు నిలబడి ఉన్నారు. పొడుగ్గా బెరెండ్, పక్కన ఎర్ర కోటులో తీనెకె, మధ్యలో తాడు. ఫెన్నా హారన్ కొట్టింది. పిల్ల చెయ్యి ఊపింది. పడవ వాళ్ళ ఎదురుగా వచ్చింది, మెల్లగా దాటిపోతోంది.

ఫెన్నా దుర్భిణి తీసి కళ్ళకి పెట్టుకుంది. ఉన్నట్టుండి కిటికీ తోసి, గొంతు చించుకుని అరిచింది, "తగిలించుకో! తీనెకె, తగిలించుకో!"

ఏమైందో అని చూస్తే, పిల్ల నడుం దగ్గర కొక్కెం తనే విప్పేసుకుంది. తాడు బెరెండ్ బెల్టుకి వేలాడుతోంది. పిల్ల గట్టు మీద నడుస్తోంది, పడవ వెంబడి, ఒక్కతే.

అరిచిన మాట ఫెన్నాకి తనకే వినబడినట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "విప్పేసింది" అంది. "పిన్నీ, విప్పేసింది అది." మొదట భయంగా, గట్టు మధ్యలో గడ్డి మీద జాగ్రత్తగా అడుగులేసింది పిల్ల. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత పరుగు. ఎంత పరిగెత్తినా పడవ ఒక పిసరు ముందే ఉంది. ఎర్ర కోటు వెనకబడుతోంది.

ఫెన్నాకి జన్మలో ఎవరూ తనని దాటి వెళ్ళడం పడదు. అలాంటి మనిషి ఇంజన్ పిడి మీద చెయ్యి వేసి వెనక్కి లాగింది. ఇంకా లాగింది. ఆ వరదలో, ఆ బరువుతో, పడవ చుక్కాని మాట వినేంత మాత్రమే ఉంచి, ఏడేళ్ళ పిల్ల నడకకి పట్టుకొచ్చింది. గట్టు మీద ఎర్ర కోటు, ఏట్లో చుక్కాని గది, రెండూ సమంగా కదిలాయి. నీళ్ళు రెండు పక్కలా ఉరుముతూ పోతున్నాయి. ఎక్కడా ఒక అడుగు పక్కకి పోలేదు పడవ. అలా నిలపడం మాటలు కాదు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను, లేకపోతే నేనే నమ్మను.

రేడియోలో హార్మెన్ గొంతు ఉరిమింది. "ఫోల్‌హార్డింగ్! ఏమైంది? ఇంజన్ పోయిందా? నడిచే పడవా, నత్తా?"

ఫెన్నా రేడియో అందుకుంది. "ఇంజన్ బాగానే ఉంది హార్మెన్. మా అమ్మాయి నడుస్తోంది."

వాడు దాటిపోతాడనుకున్నాను, ఎడమ పక్కన బోలెడు చోటుంది. ఒక బూతు కూడా వస్తుందనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే హార్మెన్ పడవ ముందు తెల్లటి నురగ తగ్గింది. వాడి వెనక పడవదీ తగ్గింది. దాని వెనకదీ. ఒకరి నుంచి ఒకరికి కబురు వెళ్తోంది, రేడియోలో విన్నాను. "ఫెన్నా కూతురట. గట్టు మీద. తాడు లేకుండా." వాళ్ళందరూ తాడుతో పెరిగినవాళ్ళే. మా ఏటి సరంగులు, నిమిషం ఆలస్యమైతే లాకుల మనిషిని చంపేసేవాళ్ళు, వరద నీళ్ళలో వరసగా పిల్ల నడకన వచ్చారు. ఒక్కడూ దాటలేదు.

ముందుకు పోగా గట్టు ఏటిని విడిచి లోపలికి మళ్ళే చోటు వచ్చింది. తీనెకె అక్కడ ఆగి రెండు చేతులూ ఊపింది. బెరెండ్ ఒగరుస్తూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫెన్నా ఒక్క హారన్ కొట్టింది. వెనక హార్మెన్ కొట్టాడు. ఇంక వరసంతా కొట్టింది. నా జన్మలో అలాంటి మోత వినలేదు. వౌటర్ మొన దగ్గర నిలబడి టోపీ తీశాడు.

"నడిచేసింది" అంది ఫెన్నా. పిడి ముందుకు తోసింది. "పిన్నీ, నీ తాడు విప్పుకో. వంపు వస్తోంది."

ఆ శనివారం ఫోల్‌హార్డింగ్ ఓఖ్టెన్ ఒడ్డున కట్టి ఉంది. నేను గంప పట్టుకుని దిగేసరికి బల్ల మీద చెవి విరిగిన కప్పుల్లో కాఫీ పొగలు కక్కుతోంది. తీనెకె బురద బూట్లతో మెట్లు దిగి వచ్చింది. ఎవర్నీ పలకరించలేదు, ఎవర్నీ అడగలేదు. కుర్చీ లాక్కుని ఎక్కి, అల్మారా తెరిచి, డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు బిస్కెట్లు తీసి, ఒకటి నోట్లో కుక్కుకుంది. పొడి అంతా నేల మీద.

"ఒసేయ్ దొంగా! చేతులు కడుక్కోకుండా ఏవిటది? ఆ బూట్లేవిటి? ఇదేమన్నా సత్రం అనుకున్నావా?" అని ఫెన్నా కేకలేసింది.

పిల్ల నోటినిండా బిస్కెట్లతో, "మా ఇల్లు" అంది.

ఫెన్నా తిట్టడం ఆపలేదు. తిడుతూనే ఉంది, బూట్లు విప్పుతూ తిట్టింది, నేల ఊడుస్తూ తిట్టింది, ఆ మొహం మటుకు చూడాలి మీరు.